ఆసుపత్రికి ఇవ్వదలిస్తే ఏది మేలు: పొలమా, శాశ్వత నిధా, వీలునామానా?

మా పెద్దనాన్నగారికి ఎనభై దాటాయి. పాలకొల్లు దగ్గర కాలువ గట్టున ఊరు. పెద్దమ్మ చివరి మూడేళ్లూ డయాలసిస్ మీద బతికింది. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ఆ ఖర్చులో సగం ఒక ధర్మాసుపత్రి వాళ్లే భరించారు. మొన్న దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఆయన ఫోను చేసి, "ఆ రెండెకరాలూ ఆసుపత్రికి రాసేద్దామనుకుంటున్నానురా. నువ్వు ట్రస్టు లెక్కలు చూసినవాడివి కదా, ఎలా రాయాలో చెప్పు" అన్నారు.

"వద్దు పెద్దనాన్నా" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నేను వద్దన్నది ఇవ్వడాన్ని కాదు, పొలాన్ని పొలంగా ఇవ్వడాన్ని. అది ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు వారాలు పట్టింది.

మన వైపు దానం కంటికి కనిపించాలి. ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు, బల్ల ఇస్తే వీపుకు పేరు, గది కట్టిస్తే గుమ్మం పక్కన పాలరాతి పలక. నేను పన్నెండేళ్లు లెక్కలు చూసిన ఆసుపత్రిలో (ఇది పెద్దమ్మ వెళ్లినది కాదు, వేరొకటి) దాతలు కట్టించిన గదులకు కొదవ లేదు. జనరేటరుకు డీజిల్ కొనేటప్పుడే వెతుకులాట. ఎవరో పుణ్యాత్ములిచ్చిన ఎక్స్‌రే యంత్రం, నడిపే టెక్నీషియన్‌కు జీతం లేక ఏడాదిన్నర దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆసుపత్రికి కట్టడం ముఖ్యమా, కరెంటు బిల్లు కట్టడం ముఖ్యమా అని మా మేనేజరు నవ్వుతూనే అడిగేవాడు. పదేళ్ల తరవాత కూడా ఆ బిల్లు కట్టగలిగే దారి ఏదన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

ఇక పొలం సంగతి. ఎకరానికి ఏడాదికి ఇరవై అయిదు బస్తాలు కౌలు అనుకుందాం. రెండెకరాలకు యాభై బస్తాలు, బస్తా 75 కిలోలు, అంటే ముప్పై ఏడున్నర క్వింటాళ్లు. సాధారణ రకం వరికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంతా సవ్యంగా జరిగితే ఏడాదికి సుమారు 89 వేలు. అదే పొలం ఎకరం నలభై లక్షల చొప్పున అమ్ముడుపోయిందనుకోండి. ఎనభై లక్షలు బ్యాంకులో వేస్తే ఏడు శాతం చొప్పున ఏడాదికి 5 లక్షల 60 వేల వడ్డీ. పైగా "అంతా సవ్యంగా" అన్న మాట డెల్టాలో ఎంతవరకు చెల్లుతుందో మీకు తెలుసు. సార్వా (తొలి పంట) కోత వేళకు వాన, దాళ్వాకు నీరందుతుందో లేదో అన్న బెంగ. 2011లో కోనసీమ రైతులే గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించారు. మా ట్రస్టుకు లంకలో మూడెకరాలు ఉండేవి. అందులో ఎకరం గోదావరి కోసుకుపోయింది. ఇంకో దాత ఇచ్చిన కొబ్బరి తోట 1996 నవంబరు తుపానులో నేలకూలింది. మళ్లీ మొక్క వేస్తే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా దింపూ లేదు, రాబడీ లేదు. రోగులను చూసుకోవలసిన ధర్మకర్తలు కౌలు బాకీల కోసం ఊళ్లు తిరిగారు. రొయ్యల చెరువుకు ఇస్తే కౌలు పెరుగుతుందని సలహా చెప్పినవారూ ఉన్నారు. చుట్టుపక్కల చేలను ఉప్పు చేసి ఆ డబ్బుతో వైద్యం చేయడం నాకు మింగుడు పడలేదు.

పొలం వైపు చెప్పవలసిన న్యాయం ఒకటుంది. భూమి విలువ పెరుగుతుంది, డిపాజిట్టు విలువ కరుగుతుంది. ముప్పై ఏళ్ల కిందట మా దగ్గర ఒకాయన లక్ష రూపాయల శాశ్వత నిధి (అసలు అలాగే ఉంచి వడ్డీ మాత్రమే వాడే సొమ్ము) పెట్టారు. అప్పటి పన్నెండు శాతం వడ్డీకి నెలకు వెయ్యి వచ్చేది, ఒక ఆయా జీతం వెళ్లిపోయేది. ఇప్పుడు అదే లక్ష మీద నెలకు ఆరు వందలు కూడా రావు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రూపాయి సగమవుతుంది. మేము చేసిన తప్పు వచ్చిన వడ్డీనంతా ఖర్చు పెట్టడం. ఏడులో నాలుగే వాడి, మూడు తిరిగి అసలులో కలిపి ఉంటే ఆ నిధి ఇంత చిక్కిపోయేది కాదు. పెద్దనాన్నగారి ఎనభై లక్షల లెక్కలో నాలుగు శాతమే వాడుకున్నా 3 లక్షల 20 వేలు. అది కూడా కౌలుకు మూడింతలు దాటింది. ఆసుపత్రి గోడకు ఆనుకున్న స్థలమైతే మాత్రం నా మాట వినకండి, కళ్లు మూసుకుని ఇచ్చేయండి. దానికి వడ్డీ లెక్కలు వర్తించవు.

శాశ్వత నిధి అన్నది మనకు కొత్త మాట కాదు. గుళ్లలో శాశ్వత అన్నదానానికి కట్టి, పెళ్లిరోజునో తండ్రి తిథినాడో పేరు చదివించుకుంటాం కదా, ఇదీ అంతే. తేడా ఒక్క ఉత్తరంలో ఉంది. "ఇది శాశ్వత నిధికి ఇస్తున్నాను, అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే వాడాలి" అని విరాళంతో పాటు రాసి ఇవ్వాలి. ఆ ఉత్తరం లేకపోతే ఆ డబ్బు మామూలు రాబడి కింద లెక్కకు వస్తుంది. పన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే ట్రస్టు తన మొత్తం రాబడిలో 85 శాతం ఖర్చు చూపించాలి కాబట్టి మీ డబ్బు ఆ ఏడాదే కరిగిపోవచ్చు. ఉత్తరం ఉంటే, నిధిని విడిగా, చట్టం ఒప్పుకున్న పెట్టుబడుల్లోనే ఉంచాలి. ఇంత విలువైన కాగితం రాసిచ్చిన దాతలు నాకు పన్నెండేళ్లలో నలుగురైదుగురే తగిలారు.

పన్ను రాయితీ గురించి అందరూ మొదట అడుగుతారు గానీ, నేను చివర్లో చెబుతాను. ఇన్నేళ్లూ 80జి అని పిలుచుకున్న విరాళాల మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. నగదు రెండు వేలు దాటితే లేదు, వస్తువులుగా గానీ భూమిగా గానీ ఇస్తే లేదు. సేద్యం మీద బతికే పెద్దనాన్నగారికి పన్నే లేదు, ఇక రాయితీ దేనికి? అమెరికాలో ఉన్న మా మేనల్లుడు తనూ ఒక చెయ్యి వేస్తానన్నాడు. అతను అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి అతని డబ్బు విదేశీ విరాళమే. ఆసుపత్రికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో అందుకు ప్రత్యేకించిన ఖాతా ఉండాలి. అమెరికాలో ఆసుపత్రికి ఆస్తి ఇచ్చి బతికున్నన్నాళ్లూ ఏటా ఇంత అని పుచ్చుకునే పద్ధతి ఉందని అతను చెప్పాడు. వినడానికి బాగుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు సిద్ధంగా లేదు.

దానికి దగ్గరగా ఉన్నది దాన దస్తావేజు, జీవితకాల అనుభవ హక్కు ఉంచుకుని. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దస్తావేజు రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, దాత బతికుండగానే ఆసుపత్రి ఆ దానాన్ని స్వీకరించాలి. దాత బతికున్నంత కాలం పొలం తన చేతిలోనే ఉంచుకున్నా ఆ దానం చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబంలో వారికి ఇచ్చే దానానికి ఉన్న తక్కువ స్టాంపు రుసుము ఆసుపత్రికి రాదు, అది ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోవాలి. దీని బలం గట్టిది. రేపు వారసులు వచ్చి కాదనడం కష్టం. నా భయం కూడా అక్కడే. ఒకసారి ఇచ్చాక మనసు మారినా, ధర్మకర్తలు మారినా, ఆ ఆసుపత్రి చేతులు మారినా వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరని పని. ఎనభై దాటిన మనిషికి రేపు తన వైద్యానికే పదిలక్షలు కావలసి వస్తే? ఆసుపత్రికి ఆస్తి రాసిచ్చి, ఆసుపత్రి బిల్లుకు అప్పు చేయడం ఎవరికీ రాకూడదు.

అందుకే ఆయన విషయంలో నేను వీలునామా వైపు మొగ్గాను. బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నేనైతే చేయించమంటాను, ఎందుకంటే వీలునామాకు పెద్ద శత్రువు బీరువా. ఉందని తెలిసినవాడే లేదనవచ్చు. పొలం స్వార్జితమో కాదో దస్తావేజు తెప్పించి చూశాను, స్వార్జితమే. పిత్రార్జితమైతే పిల్లలకు పుట్టుకతో వచ్చిన వాటా ఉంటుంది, తన వాటా మేరకే రాయగలడు. క్రైస్తవులు ధర్మానికి రాసే వీలునామాలకు చావుకు ఏడాది ముందే రాసి ఉండాలన్న పాత ఆంక్ష ఒకటుండేది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పటికీ అది ఉందనుకునేవారు మన డెల్టాలో నాకు కనిపించారు.

వీలునామాలో ఏం రాయాలన్న దగ్గరే అసలు పని. "మా ఊరి ఆసుపత్రికి" అని రాస్తే రేపు ముగ్గురు వస్తారు. ట్రస్టు పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పొలం అమ్మి, వచ్చిన సొమ్ము శాశ్వత నిధిగా వేయాలని ఉండాలి. ఆ ఆసుపత్రి అప్పటికి మూతపడి ఉంటే ఎవరికి పోవాలో ఉండాలి. అమలు చేసే మనిషి వారసుడు కాకూడదు.

పెద్దనాన్నగారు ఇదంతా విని, "సీతమ్మగారు ఇన్ని కాగితాలు రాశారా?" అన్నారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టారు, రేపటికి ఉందా అని లెక్క చూడలేదు. ఆమె పేరు ఇప్పుడు ఆ ఊరి అక్విడక్టుకు (నది మీదుగా కాలువను దాటించే వంతెనకు) ఉంది. దానం అంటే అది అని మన మనసులో ముద్రపడింది. నేను ఇంకొకాయన పేరు చెప్పాను. కోరంగి నుంచి రంగూన్ వెళ్లి సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మానికి రాసి వెళ్లారు. ఆయన పేరిట ఎం.ఎస్.ఎన్. చారిటీస్ కాకినాడ జగన్నాథపురంలో ఇప్పటికీ చదువులు చెప్పిస్తోంది. సీతమ్మగారి చెయ్యి ఆమెతోనే వెళ్లింది. నాయకర్ గారి కాగితం వందేళ్లు దాటినా పని చేస్తోంది. ఆకలికి మొదటిదే సరైనది. డయాలసిస్ యంత్రానికి రెండోదే కావాలి.

చివరికి రెండూ కలిపారు ఆయన. పొలానికి వీలునామా, నేను చెప్పిన షరతులతో. పెరటి కొబ్బరి దింపు డబ్బులు మాత్రం ఇప్పటినుంచే శాశ్వత నిధికి, చెక్కు రూపంలో, ఉత్తరంతో సహా. మొదటి ఉత్తరంలో వడ్డీ లెక్క కింద "ఫ్యాను కొనరాదు" అని తన చేత్తో రాశారు. దస్తావేజు లేఖరి దగ్గరికి వచ్చే బుధవారం వెళ్తున్నాం. హైదరాబాదులో ఉన్న అన్నయ్యకు, అంటే ఆయన కొడుక్కి, ఈ సంగతి చెప్పే పని మాత్రం నా మీద పెట్టారు. సంక్రాంతికి వస్తాడు.