ఊళ్లోకి ఫ్యాక్టరీ: గుట్టుగా కొనడమా, పూలింగా, బహిరంగ విచారణా? ఏది మేలు?

గుంటూరు, పల్నాడు పల్లెల్లో కొత్త పరిశ్రమ కబురు పంచాయతీ ఆఫీసు కంటే ముందు రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు చేరుతుంది. ఎవరో వచ్చి ఒకే బిట్టుగా వంద ఎకరాలు కావాలన్నారట, అడ్వాన్సు అక్కడికక్కడే ఇస్తున్నారట, ఎవరి కోసమో మాత్రం చెప్పరట. మందుల ఫ్యాక్టరీ అని ఒకరు, సోలార్ అని ఒకరు, డిస్టిలరీ అని ఇంకొకరు. సంగతి తేలేసరికి సగం ఊరు అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టేసి ఉంటుంది.

పరిశ్రమలు వద్దని నేననను. మన పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాద్, బెంగళూరు బస్సులు ఎక్కుతుంటే ఆ మాట ఎలా అంటాం? అయితే అవి ఊళ్లోకి ఏ దారిన రావాలన్నది మాత్రం గట్టిగా అడగాల్సిన విషయం. ఇప్పుడు మన దగ్గర నడుస్తున్న దారులు మూడు. దళారుల ద్వారా గుట్టుగా కొనుక్కోవడం ఒకటి, అమరావతిలోలా రైతులు భూమి ఇచ్చి బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకునే పూలింగ్ ఒకటి, నోటిఫికేషన్ ఇచ్చి అందరి ముందూ విచారణ జరపడం మూడోది.

గుట్టుగా కొనేవాళ్ల వాదనలో కొంత నిజం ఉంది. పేరు బయటపడితే రాత్రికి రాత్రే రేటు రెండింతలవుతుందని, పక్క రాష్ట్రం ప్రాజెక్టును ఎగరేసుకుపోతుందని అంటారు. 2014లో ఏం జరిగిందో మనందరం చూశాం. రాష్ట్రం విడిపోయాక రాజధాని ఎక్కడన్నది తేలక నూజివీడు వైపని కొందరు, మంగళగిరి వైపని కొందరు పరుగులు పెట్టారు. సెప్టెంబర్ 4న అసెంబ్లీలో చెప్పింది కూడా విజయవాడ పరిసరాల్లో అనే. ఆ తర్వాతే తుళ్లూరు వైపు ఖాయమైంది. ఊహ మీద అప్పు చేసి కొన్నవాళ్లు మునిగారు. కానీ దీన్నుంచి నాకు అర్థమయ్యేది వేరు. చెప్పకపోవడం వల్ల స్పెక్యులేషన్ ఆగలేదు. సమాచారం ముందే అందినవాడికి లాభం, అందనివాడికి నష్టం, అంతే. రేటు పెరగడమే భయమైతే సర్వే నంబర్లు ప్రకటించి, ఆ రోజు నుంచి రిజిస్ట్రేషన్లు ఆపేయొచ్చు. 2013 భూసేకరణ చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక లావాదేవీలు ఆగేది అందుకే.

గుట్టుగా అమ్మిన రైతుకు పోయేదేమిటో లెక్క వేద్దాం. 2013 చట్టం ప్రకారం సేకరిస్తే పల్లెల్లో మార్కెట్ విలువను 1 నుంచి 2 మధ్య ఉండే గుణకంతో హెచ్చవేస్తారు. దాని మీద 100 శాతం సొలేషియం, అంటే భూమి పోగొట్టుకున్నందుకు అదనపు పరిహారం, ఇస్తారు. ప్రైవేటు కంపెనీ కోసమైతే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వం ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టయితే 70 శాతం ముందుగా ఒప్పుకోవాలి. సొంతంగా అగ్రిమెంట్ రాసుకున్న రైతు చేతికి ఇవేవీ రావు. బేరంలో ఎంత పలికితే అంతే. ఇంకో చిక్కు కూడా ఉంది. మార్కెట్ విలువ కట్టేటప్పుడు చూసేవాటిలో గత మూడేళ్లలో దగ్గర్లో జరిగిన రిజిస్ట్రేషన్ల ధరలు ఒకటి. మనవాళ్లు స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి దస్తావేజులో తక్కువ రాయించి మిగతాది చేతికి పుచ్చుకుంటారు కదా, రేపు పక్క పొలాన్ని ప్రభుత్వం తీసుకుంటే ఆ తక్కువ అంకె పక్కవాడి పరిహారానికి ఎసరు పెడుతుంది.

అన్నిటికంటే బాధ కలిగించేది కౌలు రైతు సంగతి. డెల్టాలోనైనా మెట్టలోనైనా అరక పట్టేది చాలాచోట్ల కౌలుదారే. 2013 చట్టం సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారునూ, కూలీనీ ప్రభావిత కుటుంబంగానే లెక్కిస్తుంది. గుట్టు బేరంలో వాళ్ల పేరే రాదు. యజమాని గుంటూరులోనో అమెరికాలోనో ఉంటాడు, సంతకం అక్కడ జరుగుతుంది, వచ్చే ఖరీఫ్‌కు పొలం లేదన్న సంగతి కౌలుదారుకు ఫెన్సింగ్ రాళ్లు దిగిన రోజు తెలుస్తుంది.

పూలింగ్ దీనికంటే మేలైన దారి, అందులో సందేహం లేదు. అమరావతిలో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులకు ఏం వస్తుందో కాగితం మీద ఉంది: ఎకరాకు గజాల్లో నివాస, వాణిజ్య ప్లాట్లు, పదేళ్ల కౌలు, అదీ మెట్టకు ఒక లెక్క, నీటి వసతి ఉన్న జరీబు భూమికి ఒక లెక్క. ఒప్పుకునేవాళ్లకు 9.3 ఫారం, అభ్యంతరం చెప్పేవాళ్లకు 9.2 ఫారం. భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను కూడా పెట్టారు. అయితే పూలింగ్‌లో రైతు భవిష్యత్తంతా ప్రాజెక్టు ముందుకు సాగడం మీదే ఆధారపడుతుంది. 2019లో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ టెన్షన్ ఎలా ఉంటుందో అమరావతి 29 గ్రామాల వాళ్లను అడిగితే చెబుతారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చేదాకా కోర్టు వాయిదాలే వాళ్ల క్యాలెండర్. పూలింగ్ అన్నంత మాత్రాన అన్నీ బయట పెట్టినట్టు కూడా కాదు. అమరావతి స్టార్టప్ ఏరియాకు స్విస్ ఛాలెంజ్ పద్ధతిలో, అంటే ఒక సంస్థ ముందు ఇచ్చిన ప్రతిపాదనను మించమని మిగతావాళ్లను పిలిచే పద్ధతిలో, బిడ్లు పిలిచినప్పుడు సింగపూర్ కన్సార్టియం ఇస్తానన్న ఆదాయ వాటాను గోప్యంగా ఉంచారు. విషయం కోర్టుకెళ్లి 2016లో ప్రక్రియకు స్టే వచ్చింది. పైగా పూలింగ్ నగరానికి సరిపోయే పద్ధతి. సిమెంటు ఫ్యాక్టరీ పక్కన అభివృద్ధి చేసిన ప్లాటు ఇస్తే ఎవరు ఇల్లు కట్టుకుంటారు?

ఇక బహిరంగ విచారణ. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి దీన్ని జరపాలి. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు తెలుగు పేపర్లో, జాతీయ పేపర్లో ప్రకటన రావాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, సభ మొత్తం వీడియో తీయాలి. ఈ నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదాలో ఈ 30 రోజులను 20కి తగ్గించబోయారు. ఆ ముసాయిదాను ప్రాంతీయ భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, మన భాషలో మనకు చెప్పాలన్న ఆలోచన పైవాళ్లకు ఎంత ఉందో తెలుస్తుంది.

ఇంత పకడ్బందీగా రాసినా లోపాలున్నాయి. పల్నాడు వైపు నేను చూసిన ఒక విచారణలో షామియానా కింద ముందు వరుసలు తెల్లారేసరికే నిండిపోయాయి. వాళ్లలో చాలామంది పక్క మండలాల నుంచి వచ్చినవాళ్లు. ఊరి రైతులు వెనక ఎండలో నిలబడ్డారు. మైకు అందేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక పెద్దాయన లేచి, "అయ్యా, మాఘం నుంచి చైత్రం దాకా మిర్చి కల్లాల్లోనే ఉంటుంది. దాని మీద మీ దుమ్ము పడితే యార్డులో ఎవరు కొంటారండీ?" అని అడిగారు. నివేదికలో గాలి లెక్కలున్నాయి, పది కిలోమీటర్ల పరిధిలో కొలిచిన నీటి లెక్కలున్నాయి, మిర్చి కల్లాల ఊసే లేదు. ఆయన ప్రశ్న రికార్డులోకి ఎక్కింది. కంపెనీ తుది నివేదికలో దానికి జవాబు రాయక తప్పదు. గుట్టు బేరంలో ఆ ప్రశ్న అడిగే చోటే ఉండదు కదా. విచారణకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే.

కాకపోతే అది ఆలస్యంగా వస్తుంది. అనుమతి రాకముందు పనులు మొదలుపెట్టకూడదని అదే నోటిఫికేషన్ చెబుతుంది, భూమి సంపాదించుకోవడానికి మాత్రం మినహాయింపు ఇస్తుంది. అంటే భూమి చేతులు మారాకే ఊరివాళ్ల అభిప్రాయం అడగొచ్చు. పైగా అక్కడ ఓటింగ్ ఉండదు, ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల (చిత్తడి) భూముల మీద థర్మల్ ప్లాంటుకు ఊళ్లన్నీ వద్దన్నా అనుమతి వచ్చింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఊరివాళ్లు చెప్పింది మొదట్లోనే చెవిన పెట్టి ఉంటే ఆ చావులు ఉండేవి కావు.

అందుకే నా ఓటు నోటిఫికేషన్ దారికే, కానీ స్థలం ఎంచుకునే దశలోనే గ్రామసభ పెట్టాలన్న షరతుతో. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు మైనింగ్ వద్దన్నాయి, ఆ మాట చెల్లింది. అక్కడ అటవీ హక్కుల చట్టం, సుప్రీంకోర్టు తీర్పు అండగా ఉన్నాయి. మన మైదాన ప్రాంత గ్రామసభకు అంత బలం లేదు. 2013 చట్టానికి 2018లో రాష్ట్రం తెచ్చిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అధ్యయనాన్ని కూడా పక్కన పెట్టే వీలు ప్రభుత్వానికి వచ్చింది.

దాచుకోవడానికి హక్కున్నవి లేవా అంటే ఉన్నాయి. మందు తయారీ ఫార్ములా, తెరవని బిడ్డు కంపెనీవి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(డి) వాటిని కాపాడుతుంది, అయితే విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే బయట పెట్టమనీ అంటుంది. రోజుకు ఎన్ని లక్షల లీటర్ల నీళ్లు తోడతారు, అవి సాగర్ కుడి కాలువవా బోర్లవా, వాడిన నీళ్లు ఎటు పోతాయి, ఏ సర్వే నంబర్లు కావాలి, ఇవి ఏ కంపెనీకీ వ్యాపార రహస్యాలు కావు. ఆర్టీఐ దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. పుకారు పుట్టిన వారంలోనే తహసీల్దారు ఆఫీసులో ఒకటి, కాలుష్య నియంత్రణ మండలిలో ఒకటి వేస్తే విచారణ నోటీసు వచ్చేనాటికి చేతిలో కాగితాలుంటాయి.

ఒక్క విషయంలో ముందే మేలుకోవాలి. పర్యావరణ అనుమతి ఉన్న ఇండస్ట్రియల్ పార్కు లోపలికి వచ్చే యూనిట్లకు విడిగా బహిరంగ విచారణ అక్కర్లేదని 2006 నోటిఫికేషనే మినహాయించింది. పార్కు పెట్టేటప్పుడు జరిగే విచారణే ఊరికి దొరికే అవకాశం. కాబట్టి ఏ పరిశ్రమలు వస్తాయి, ఏవి రాకూడదు, మొత్తం పార్కుకు ఎంత నీరు, వ్యర్థాల శుద్ధి ఎవరి ఖర్చు అన్నవి ఆ రోజే మైకులో అడిగి, రాతపూర్వకంగా కూడా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి.