పాత ట్యూబ్ టీవీకి బాక్సా, కొత్త హెచ్‌డీ టీవీయా?

కావలి, ఒంగోలు వైపు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పిక్చర్ ట్యూబ్ టీవీ నడుస్తూనే ఉంది, అందుకే ఈ ప్రశ్న తెగదు. పాత పద్ధతి అనలాగ్ కేబుల్ పోయి సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయిందే గానీ టీవీ మార్చమని ఎవరూ అనలేదు. డిజిటల్ అంటే సిగ్నల్ వచ్చే పద్ధతి, హెచ్‌డీ అంటే బొమ్మ స్పష్టత, రెండూ వేరు.

ఖర్చు: పాతదానికి ఎస్‌డీ, అంటే మామూలు స్పష్టత బాక్స్ చాలు. కొత్తదంటే టీవీ, హెచ్‌డీ బాక్స్, పైగా నెలనెలా ప్యాక్ కూడా ఎక్కువే.

బొమ్మ: తెర మీద బొమ్మ అడ్డగీతలతో ఏర్పడుతుంది, ఎస్‌డీకి 576 గీతలు, హెచ్‌డీకి 1080. కానీ చాలామంది కొత్త టీవీ కొని, పాత ఎస్‌డీ బాక్స్‌నే పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో తగిలించి వదిలేస్తారు, అప్పుడు ఆ 576 గీతలే పెద్ద తెర మీద సాగి మొహాలు లావుగా, స్క్రోలింగ్ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఆ మాత్రానికి పాత టీవీయే నయం! హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీఎంఐ వైరు, హెచ్‌డీ చానల్, మూడూ ఉండాల్సిందే.

వాన: రెండూ ఒకటే. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడ్డా బొమ్మ కదిలేది, డిజిటల్‌లో గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు వానల్లో డిష్ ఉన్నవాళ్లకి ఈ గోల కొత్త టీవీ కొన్నా తప్పదు.

ఇంట్లో పెద్దవాళ్లు వార్తలు, సీరియళ్లు చూసుకుంటూ ట్యూబ్ బాగుంటే కదిలించొద్దు, నెల చందా లేని డీడీ ఫ్రీ డిష్ కూడా దానికి సరిపోతుంది. క్రికెట్ పిచ్చి ఉంటే హెచ్‌డీకే వెళ్లండి. ట్యూబ్ పోయిందా, రిపేరుకి మాత్రం రూపాయి పెట్టకండి.