ఇంగ్లండులో ఆంగ్లికన్ బడి: ఫీజు కట్టేదా, ప్రభుత్వ సొమ్ముతో నడిచేదా?

ఇంగ్లండుకు వచ్చిన మనవాళ్ళను తికమకపెట్టే ప్రశ్న ఇది. రెండూ ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) బళ్ళే, డబ్బు వచ్చే దారే వేరు.

ఖర్చు: ప్రభుత్వ సొమ్ముతో నడిచే చర్చి బడిలో ఒక రకం వాలంటరీ ఎయిడెడ్ బడి. అందులో చదువుకు ఫీజు లేదు. నిర్వహణ ప్రభుత్వ సొమ్ముతోనే. భవనాల పనుల్లో మాత్రం మామూలుగా 10 శాతం బడి పాలకవర్గం భరించాలి. ఇండిపెండెంట్ (ప్రైవేటు) బడి బతికేది ఫీజుల మీద. 2025 జనవరి 1 నుంచి వాటిపై 20 శాతం వ్యాట్ పడింది. ఏప్రిల్‌లో ఛారిటీ హోదా ఉన్న ఇండిపెండెంట్ బడులకున్న స్థానిక పన్ను రాయితీ కూడా పోయింది.

ఆశయం: అసలు చిక్కు ఇక్కడే. 1848లో నథానియల్ వుడర్డ్ అనే ఆంగ్లికన్ మతగురువు లాన్సింగ్ అనే ఇండిపెండెంట్ బడిని మొదలుపెట్టింది మధ్యతరగతి పిల్లల కోసం. ఇప్పుడు అక్కడి ఫీజు చూస్తే ఆ మధ్యతరగతికే గుండె గుభేలుమంటుంది! బర్సరీలు (ఫీజు తగ్గించే ఆర్థిక సాయం) ఉన్నాయి, అందరికీ అందవు.

సీటు: ఎయిడెడ్ బడికి పోటీ ఉంటే కొన్నిచోట్ల చర్చి హాజరు చూస్తారు. ఇండిపెండెంట్‌లో పరీక్ష, ఇంటర్వ్యూ.

ప్రార్థన: ఎయిడెడ్‌లో పిల్లల్ని మినహాయించమని అడిగే హక్కు చట్టంలోనే ఉంది. రెండోదాంట్లో ఒప్పంద పత్రం చదువుకోవాలి.

ఇంటి దగ్గర మంచి ఎయిడెడ్ బడి ఉండి, సీటూ దొరికితే అదే మేలు. హాస్టల్ తప్పనిసరైతేనో, పెద్ద బర్సరీ చేతికొస్తేనో ఇండిపెండెంట్. అప్పు చేసి మాత్రం వద్దు.