తెలుగు పేర్లకి యూటీఎఫ్-8 మేలా, యూటీఎఫ్-16 మేలా?

యూటీఎఫ్-8, యూటీఎఫ్-16 రెండూ అక్షరాలను బైట్లుగా మార్చి దాచే పద్ధతులు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2019 వెర్షన్ నుంచి వార్‌చార్ అనే రకం కాలమ్‌లోనూ యూటీఎఫ్-8 వాడొచ్చు. దాంతో ‘యూటీఎఫ్-16లో దాచే ఎన్‌వార్‌చార్ కాలమ్ తీసేస్తే స్థలం సగానికి సగం మిగులుతుంది’ అనే మాట మొదలైంది. ఇంగ్లిష్‌కైతే నిజమే. మనకి లెక్క తిరగబడుతుంది.

‘వెంకటేశ్వర్లు’నే తీసుకోండి. గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కేస్తే 13 కోడ్‌లు. యూటీఎఫ్-16లో ఒక్కోటి 2 బైట్లు, మొత్తం 26. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3, మొత్తం 39. పైగా వార్‌చార్(30)లో 30 అంటే అక్షరాలు కాదు, బైట్లు. ఈ పేరు అందులో పట్టనే పట్టదు! ఎన్‌వార్‌చార్(30)లో 30 అంటే రెండేసి బైట్ల జతలు, కాబట్టి హాయిగా పడుతుంది.

అయితే ఖాళీలు, అంకెలు, ఈమెయిళ్లు, జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) కీలు యూటీఎఫ్-8లో ఒక్కో అక్షరానికి ఒక బైటే, యూటీఎఫ్-16లో రెండు. అంటే తెలుగు కోడ్‌కి ఒక బైటు నష్టం, ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు లాభం. కాలమ్‌లో ఏది ఎక్కువుంటే దాని వైపే మొగ్గాలి. పేర్లు, చిరునామాలు తెలుగులోనే ఉంటే నేను ఎన్‌వార్‌చార్‌నే ఉంచుతాను. లాగ్‌లు (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలు), జేసన్ మాత్రం యూటీఎఫ్-8కి మారుస్తాను.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకి ఈ తలనొప్పి లేదు. అక్కడ సర్వర్‌లో యూటీఎఫ్-16 అసలు లేదు.