‘ఒరిజినల్’ ఛార్జింగ్ బోర్డ్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

ఫోన్ ఛార్జింగ్ పిన్ పోయింది, బోర్డ్ తెప్పించి ఇంట్లోనే మార్చుకుందాం అనుకుంటున్న బెంగళూరు తెలుగు వాళ్లందరికీ ఇది. ‘హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్, ఫాస్ట్ ఛార్జింగ్ సపోర్ట్’ అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మిన బోర్డ్ నాకు వచ్చింది, దాని మీద ఆ ఫాస్ట్ ఛార్జింగ్‌కి కావాల్సిన ఐసీయే, అంటే చిన్న నల్లటి చిప్పే, లేదు. బోర్డ్ సరిగ్గా కూర్చుంటుంది, స్క్రూలు పడతాయి, కేబుల్ గుచ్చగానే స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు కూడా వెలుగుతుంది, అందుకే మొదట్లో ఎవరికీ అనుమానం రాదు. అనుమానం వచ్చేసరికి రిటర్న్ గడువు దగ్గరపడుతుంది, అప్పుడు అమ్మినవాడు చెప్పే మాటలు వేరేగా ఉంటాయి.

నాది మామూలు మధ్యరకం ఫోన్, 33 వాట్ల ఛార్జర్‌తో వచ్చింది. కేబుల్ వదులైపోయి, ఒక పక్కకి వంచి పట్టుకుంటే తప్ప ఛార్జింగ్ ఎక్కని స్థితికి వచ్చింది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఫోన్ వాళ్ల దగ్గర వదిలి వెళ్లాలన్నారు, ఆఫీసు లాగిన్‌కి ఓటీపీ, బ్యాంకు, యూపీఐ అన్నీ దాని మీదే కాబట్టి అది కుదరలేదు. ఈ మోడల్‌లో పోర్ట్ మెయిన్ బోర్డ్ మీద ఉండదు, కింద అంగుళం వెడల్పు చిన్న బోర్డ్ మీద విడిగా ఉంటుంది, షాపుల్లో సీసీ బోర్డ్ అనో సబ్ బోర్డ్ అనో అంటారు. సాల్డరింగ్ అక్కర్లేదు. బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్లెక్స్ (రెండు బోర్డుల్ని కలిపే పల్చటి పట్టీ లాంటి కేబుల్) తీసి, యాంటెనా వైరు వదిలించి, బోర్డ్ మార్చి మళ్లీ అన్నీ బిగించడమే. మా తమ్ముడి ఫోన్‌కి ఇదే పని చేశాను, అది ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

బోర్డ్ వచ్చింది, వేశాను, ఛార్జింగ్ ఎక్కింది. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. అంతకుముందు కేబుల్ పెట్టగానే స్క్రీన్ మీద ఫాస్ట్ ఛార్జింగ్ అని వచ్చేది, ఇప్పుడు ఉత్త ఛార్జింగ్ అని మాత్రమే వస్తోంది, స్నానం చేసి టిఫిన్ తినేలోపు సగం దాటేది కాస్తా మధ్యాహ్నం దాకా ఎక్కుతూనే ఉంది. పోర్ట్ దగ్గర ఫోన్ అడుగుభాగం వేలు పెడితే చురుక్కుమనేంత వేడి. ఆ రాత్రి అమ్మ కర్నూలు నుంచి ఫోన్ చేసి, “ఏందిరా, నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టుంది, ఒక్క ముక్కా అర్థం కావట్లేదు” అంది. స్పీకర్ ఆన్ చేస్తే బాగానే వినపడుతోంది అంది, చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే లేదు. చాలా ఫోన్లలో మనం మాట్లాడే మైకు కూడా ఈ చిన్న బోర్డ్ మీదే ఉంటుంది, ఛార్జింగ్ బోర్డ్ నాసిరకం అయితే మన గొంతు కూడా పోతుంది అనే సంగతి అమ్మేవాళ్లు ఎక్కడా రాయరు. దీనికి తోడు ఇంట్లో ఎప్పుడూ నిండుగా ఉండే సిగ్నల్ బెడ్‌రూమ్‌లోకి వెళ్తే పడిపోవడం మొదలైంది.

కేఆర్ మార్కెట్, టౌన్ హాల్ దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్ తెలుసు కదా, అక్కడ ఒక చిన్న కౌంటర్‌లో మదనపల్లె వైపు కుర్రాడు ఒకతను రిపేర్ చేస్తాడు. పాత బోర్డ్, కొత్త బోర్డ్ రెండూ తీసుకెళ్లి ముందు పెట్టాను. మైక్రోస్కోప్ కింద రెండూ పక్కపక్కన పెట్టి, నన్ను కూడా చూడమన్నాడు. పాతదాని మీద పోర్ట్ వెనకాల నువ్వుగింజంత నల్లటి చిప్, దాని చుట్టూ చిన్న చిన్న కెపాసిటర్లు. కొత్తదాని మీద అదే చోట మెరిసే సాల్డర్ చుక్కలు మాత్రమే వరసగా ఉన్నాయి, పైన ఏమీ లేదు. చిప్ కూర్చోవాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. “అన్నా, ఇది వితౌట్ ఐసీ బోర్డ్, మా దగ్గర కూడా దొరుకుతుంది, కానీ మేం అట్లనే చెప్పి ఇస్తాం, రేటు కూడా తక్కువే” అన్నాడు. తర్వాత మైకు రంధ్రం చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు లేదని చూపించాడు, అది లేకపోతే గొంతు సరిగా పట్టదు. యాంటెనా వైరు గుచ్చే చిన్న గుండ్రటి బొడిపె కూడా వదులుగా ఉంది, పట్టకారుతో మెల్లగా తాకితే వైరు ఊడి వచ్చేసింది.

ఐసీ లేకపోతే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ‘స్లోగా ఎక్కితే ఎక్కనీ’ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫాస్ట్ ఛార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోన్, ఛార్జర్ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి ఒప్పందానికి వచ్చాకే వోల్టేజీ గానీ కరెంట్ గానీ పెరుగుతుంది. కొన్ని మోడల్స్‌లో ఆ గుర్తుపట్టే పనికి కావాల్సిన చిప్ ఈ చిన్న బోర్డ్ మీదే ఉంటుంది, కొన్నింట్లో ఎక్కువ వోల్టేజీ లోపలికి పోకుండా ఆపే చిప్ ఇక్కడే ఉంటుంది. మొదటిది లేకపోతే ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, అంతే. రెండోది లేకపోతే మాత్రం ఏదో ఒక రోజు చెత్త ఛార్జర్ పెట్టినప్పుడు దెబ్బ నేరుగా మెయిన్ బోర్డ్ మీద పడుతుంది. రెండొందల చిల్లర బోర్డ్ వల్ల పదిహేను వేల ఫోన్ పోతుంది. ఇక వేడి సంగతి, సాల్డర్ సరిగా అతక్కపోయినా, పిన్నుల స్పర్శ సరిగా లేకపోయినా అక్కడే వేడెక్కుతుంది. రాత్రి దిండు పక్కన పెట్టి ఛార్జింగ్ పెట్టే అలవాటున్న వాళ్లు ఇలాంటి బోర్డ్‌తో ఆ పని అస్సలు చేయొద్దు.

కాబట్టి బోర్డ్ చేతికి రాగానే కవర్ చించేయకండి. కవర్ తెరిచే దగ్గర్నుంచి ఒకే వీడియో తీయండి, అందులో పార్సెల్ లేబుల్ కనపడాలి. తర్వాత మీ ఫోన్‌లోంచి తీసిన పాత బోర్డ్ పక్కన కొత్తది పెట్టి వెలుగులో రెండు వైపులా చూడండి, ఫోన్ కెమెరా జూమ్ చాలు, మైక్రోస్కోప్ అక్కర్లేదు. పాతదాని మీద నల్లటి చిప్ ఉండి కొత్తదాని మీద ఖాళీ సాల్డర్ చుక్కలు కనపడితే అక్కడితో ఆగిపోండి. అది ఫోన్‌లో వేయకండి, వేశారంటే ‘మీరు వాడేశారు’ అంటారు. మైకు రబ్బరు, యాంటెనా బొడిపెలు ఎన్ని ఉన్నాయో లెక్క, ఫ్లెక్స్ గుచ్చే సాకెట్ ఒకేలా ఉందా లేదా, ఇవన్నీ చూసుకోండి. బోర్డ్ మీద సన్నటి అక్షరాలతో వెర్షన్ అచ్చయి ఉంటుంది, అది కూడా కలవాలి.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఫోన్ పేరు నమ్ముకోవద్దు. ఒకే పేరుతో 4జీ, 5జీ అని రెండు ఫోన్లు ఉంటాయి, లోపల బోర్డులు వేరు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్తే అక్షరాలు, అంకెలు కలిసిన మోడల్ నంబర్ ఉంటుంది, దాంతోనే వెతకండి. బొమ్మ చూసి కొనడం కూడా దండగే, నేను కొన్న పేజీలో పెట్టిన ఫోటోలో ఐసీ స్పష్టంగా ఉంది, వచ్చినదాంట్లో లేదు.

వేసినా సరే, బ్యాక్ ప్యానెల్ గమ్ పెట్టి మూసేయకముందే అన్నీ పరీక్షించండి. టైప్-సి కేబుల్‌ని ఒకసారి ఇటు, ఒకసారి తిప్పి అటు పెట్టి చూడాలి. ఒక వైపు పెడితేనే ఛార్జింగ్ ఎక్కుతోందంటే లోపల కేబుల్ ఏ వైపు పెట్టారో గుర్తుపట్టే సీసీ1, సీసీ2 పిన్నుల్లో ఒకటి సరిగా లేదని అర్థం. ఫోన్‌తో వచ్చిన ఛార్జర్‌తోనే పెట్టి ఫాస్ట్ అని వస్తోందా చూడండి, వేరే ఛార్జర్‌తో రాకపోవచ్చు, అది బోర్డ్ తప్పు కాదు. లాప్‌టాప్‌కి కలిపి ఫైళ్లు కనపడుతున్నాయో లేదో చూడండి. స్పీకర్ ఆఫ్ చేసి ఎవరికైనా కాల్ చేయండి. ఒక వాయిస్ రికార్డ్ చేసుకుని వినండి. సిగ్నల్ పాతలాగే ఉందా చూడండి. అరగంట ఛార్జింగ్ పెట్టి పోర్ట్ దగ్గర వేలు పెట్టండి. ఇవన్నీ బోర్డ్ వచ్చిన రోజే అయిపోవాలి, వారాంతం దాకా ఆగితే గడువు దాటిపోతుంది.

ఇప్పుడు అమ్మినవాడి సంగతి. రిటర్న్ పెడితే మొదట ‘సీల్ తీశారు కాబట్టి కుదరదు’ అన్నారు. సీల్ తీయకుండా బోర్డ్ ఎలా చూస్తారు? తర్వాత ‘ట్రెయిన్డ్ టెక్నీషియన్ చేత వేయించలేదు కాబట్టి వారంటీ లేదు’ అన్నారు, అదే పేజీలో ‘ఇంట్లో మీరే సులభంగా మార్చుకోండి’ అని రాసి, ప్యాకెట్‌లో స్క్రూడ్రైవర్ కూడా పెట్టి పంపింది వాళ్లే. ఐసీ లేదని రెండు బోర్డుల ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపితే జవాబు ఆగిపోయింది. ప్యాకెట్ మీద తయారుచేసిన వాళ్ల పేరు లేదు, దిగుమతి చేసిన వాళ్ల చిరునామా లేదు, ఎమ్మార్పీ లేదు. ఏ ప్యాకెట్ మీదైనా ఉండాల్సిన వివరాలివి.

ఇలాంటి మాటలకి వెనక్కి తగ్గక్కర్లేదు. 2020లో వచ్చిన ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. అమ్మే యాప్‌కి ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ కూడా పని కాకపోతే 1915 నంబర్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉంటున్న బెంగళూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసే వీలుంది, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. రెండొందలకి కేసు ఎవరు వేస్తారులే అనే ధీమాతోనే ఇదంతా నడుస్తోంది. కనీసం ఫిర్యాదైనా పెట్టండి, నేను పెట్టాను.

బోర్డ్ కొనే ముందు ఇంకో మాట. పోర్ట్ నిజంగా పోయిందో లేదో టార్చ్ వేసి లోపలికి చూడండి. జేబులో నూలు పోగులు, దుమ్ము కలిసి అడుగున గట్టిగా పేరుకుని కేబుల్ పూర్తిగా లోపలికి వెళ్లనివ్వవు, చాలామంది దాన్నే పిన్ పోయింది అనుకుంటారు. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్ కొన సన్నగా చెక్కి, పక్కల నుంచి మెల్లగా తీయండి. సూది, పిన్నీసు వద్దు, మధ్యలో ఉన్న సన్నటి నాలుక విరిగితే అప్పుడు నిజంగానే బోర్డ్ కావాలి.

కొన్ని ఫోన్లలో పోర్ట్ నేరుగా మెయిన్ బోర్డ్‌కే సాల్డర్ చేసి ఉంటుంది, అది హాట్ ఎయిర్, మైక్రోస్కోప్ ఉన్నవాళ్ల పని, ఇంట్లో పెట్టుకోవద్దు. నీళ్లు లోపలికి పోవని ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోన్‌ని ఒకసారి ఇంట్లో తెరిస్తే ఆ రక్షణ ఇక ఉంటుందనుకోవద్దు. ఫోన్ తెరవడానికని ఆన్‌లైన్ ప్యాకెట్లలో ఉచితంగా వచ్చే ఇనప పట్టీలు వాడకండి, అవి బ్యాటరీకి గుచ్చుకుంటే మంటలు లేవొచ్చు. గిటార్ వాయించే ప్లాస్టిక్ పిక్ చాలు. తెరిచే ముందు బ్యాటరీని 25 శాతం కన్నా కిందికి దింపుకోండి, లోపలికి వెళ్లాక మొట్టమొదట తీయాల్సింది బ్యాటరీ కనెక్టరే. బ్యాటరీ ఉబ్బి కనపడితే పని ఆపేసి షాపుకి ఇచ్చేయండి.

ఎస్పీ రోడ్‌లో గానీ, మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లో గానీ కొంటే పాత బోర్డ్ జేబులో వేసుకుని వెళ్లండి. ‘ఐసీ ఉన్నదా, లేనిదా’ అని నోరు తెరిచి అడగండి, రెండూ చూపించమనండి, రేటులో తేడా ఎందుకో వాళ్లే చెప్తారు. బిల్లు మీద మోడల్ నంబర్‌తో పాటు ‘విత్ ఐసీ’ అని రాయించుకోండి. అలా రాయను అన్నవాడి దగ్గర కొనకుండా పక్క షాపుకి వెళ్లండి, ఆ వీధిలో షాపులకి కరువు లేదు. నేను మళ్లీ కొన్నది అలాగే, ఆన్‌లైన్ ధరకి రెట్టింపు పెట్టాను, ఫాస్ట్ ఛార్జింగ్ వెనక్కి వచ్చింది, అమ్మకి నా మాట వినపడుతోంది. పాత బోర్డ్, ఆన్‌లైన్‌లో వచ్చిన బోర్డ్ రెండూ కవర్లో పెట్టి దాచాను, ఫిర్యాదు తేలేదాకా మీరు కూడా వాటిని పారేయొద్దు.