ఇంప్లాంట్‌కు ‘జీవితకాల గ్యారంటీ’ అంటున్నారా? చిగుళ్ల సంగతి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి

హైదరాబాద్‌లో ఇంప్లాంట్ పన్ను (దవడ ఎముకలో టైటానియం స్క్రూ దించి, దాని మీద క్యాప్ బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకోబోతున్నవారికీ, ఇప్పటికే పెట్టించుకున్నవారికీ ఇది నా హెచ్చరిక. ఇంప్లాంట్ చుట్టూ రక్తం వస్తోందని చెప్పినా ఎక్స్‌రే తీయకుండా, చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య లోతు కొలవకుండా యాంటీబయాటిక్ మాత్రలు రాసి పంపించే క్లినిక్‌ను నమ్ముకోకండి. మా నాన్నగారి విషయంలో జరిగింది అదే. ఆయన మాత్రలు మింగుతున్నంత కాలం లోపల ఎముక కరిగిపోతూనే ఉంది.

మెట్రో స్తంభాల మీద ప్రకటనలు వేయించుకునే క్లినిక్ అది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాం కాబట్టి పేరు రాయడం లేదు. కింది దవడలో ఒక పన్ను కదులుతోందని నాన్నగారు వెళ్తే, తీసేసి ఇంప్లాంట్ వేస్తామన్నారు. రూ.35,000 ప్యాకేజీ, జీవితకాల గ్యారంటీ. ఆ పన్ను కదలడానికి కారణం చిగుళ్ల జబ్బు. మిగతా పళ్ల చుట్టూ కూడా గార పేరుకుని ఉంది. ఆయనకు షుగర్ ఉంది. ఇంప్లాంట్ చెడిపోయే ప్రమాదాన్ని పెంచేవాటిలో ముందు వరుసలో ఉండేవి పాత చిగుళ్ల జబ్బు, అదుపులో లేని షుగర్, పొగతాగడం. ముందు చిగుళ్లకు వైద్యం చేసి, హెచ్‌బీఏ1సీ (గత రెండు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) చూసి, ఆ తర్వాత కదా స్క్రూ దించాలి! వాళ్లు గార కూడా తీయలేదు.

క్యాప్ బిగించిన కొన్ని నెలలకు బ్రష్ చేస్తుంటే అక్కడ రక్తం కనిపించింది. క్లినిక్‌కు వెళితే మాత్రలు, పుక్కిలించే మందు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. మళ్లీ అవే మాత్రలు. చివరకు వేలితో చిగురు నొక్కితే చీము వచ్చే స్థితికి చేరాక, లేజర్ చేస్తే సరిపోతుంది, రూ.12,000 అవుతుందన్నారు. గ్యారంటీ ఉంది కదా అని అడిగితే, క్యాప్ పెట్టిన రోజు చేతిలో పెట్టిన కాగితం వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూపించారు. గ్యారంటీ స్క్రూ విరిగితేనట, చిగుళ్ల జబ్బుకు వర్తించదట. పైగా ఆరు నెలలకోసారి తమ దగ్గరే డబ్బు కట్టి క్లీనింగ్ చేయించుకుంటేనే అది చెల్లుతుందట. డబ్బు తీసుకునే ముందు ఈ మాటల్లో ఒక్కటీ చెప్పలేదు. స్క్రూ విరగడం అరుదు. ఏళ్ల తరబడి వాడాక ఇంప్లాంట్‌ను పోగొట్టే ప్రధాన కారణాల్లో ఒకటి ఈ చిగుళ్ల జబ్బే. దాన్ని వదిలేసిన గ్యారంటీ ఎవరికి పనికొస్తుంది?

అక్కడి నుంచి ఆయన్ను చిగుళ్ల వైద్యంలో ఎం.డి.ఎస్. చేసిన ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. ఆమె మిల్లీమీటర్ గీతలున్న సన్నని కడ్డీని చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య మెల్లగా దించి, చుట్టూ ఒక్కో చోట లోతు చదివి రాయించారు. తీసిన వెంటనే రక్తం, వెనకే చీము. ఎక్స్‌రేలో స్క్రూకు రెండు వైపులా ఎముక గుంట పడి ఉంది. క్యాప్ విప్పి శుభ్రం చేస్తుంటే అంచు కింద నుంచి గట్టిపడ్డ సిమెంట్ ముక్క బయటపడింది. బియ్యపు నూకంత కూడా లేదు. క్యాప్ అంటించినప్పుడు చిగురు కిందికి జారిన సిమెంట్‌ను తుడవకుండా వదిలేశారు. పాచి పట్టుకోవడానికి ఆ గరుకు ముక్క చాలు.

జబ్బు ఎలా ముదురుతుందో ఆమె చెప్పాకే మాకు అర్థమైంది. సొంత పన్నును ఎముకకు పట్టి ఉంచే నార ఒకటి ఉంటుంది. ఇంప్లాంట్‌కు అది లేదు, టైటానియం నేరుగా ఎముకకు అతుక్కుంటుంది. చుట్టూ ఉన్న చిగురు పట్టు కూడా బలహీనం. అందుకే ఇన్ఫెక్షన్ ఒకసారి దిగిందంటే సొంత పంటి దగ్గరకన్నా వేగంగా ఎముకను తినేస్తుంది. చాలామందికి నొప్పి కూడా తెలియదు. వాపు చిగురులోనే ఉంటే దాన్ని మ్యూకోసైటిస్ అంటారు. ఆ దశలో పాచి, గార తీయించి ఇంట్లో శుభ్రంగా ఉంచుకుంటే వెనక్కి మళ్లుతుంది. ఎముక కరగడం మొదలైతే అది పెరి ఇంప్లాంటైటిస్. పోయిన ఎముక పూర్తిగా తిరిగి రావడం కష్టం. మాకు పోయింది సరిగ్గా ఆ మొదటి దశే. మాత్రలతో గడిచిన నెలలవి. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

చిగుళ్ల వైద్య సంఘాల సమాఖ్య అయిన యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పీరియడాంటాలజీ 2023లో ఈ జబ్బు మీద మార్గదర్శకాలు వెలువరించింది. అందులో చికిత్సకు పునాది పాచిని, గారను యంత్రంతోనో చేతి పనిముట్లతోనో తొలగించడమే. నోటి ద్వారా యాంటీబయాటిక్‌లు మామూలుగా వాడవద్దన్నారు. శుభ్రం చేసిన 6 నుంచి 12 వారాలకు మళ్లీ కొలిచి, లోతు, రక్తం తగ్గకపోతే చిగురు తెరిచి ఆపరేషన్ చేయాలి. లేజర్ ఈ శుభ్రతకు బదులు కాదు. నాన్నగారికి మొదటి విడత క్లీనింగ్ అయింది. చీము ఆగింది. ఒక వైపు లోతు మాత్రం తగ్గలేదు కాబట్టి ఆపరేషన్ తప్పదన్నారు.

డబ్బు కట్టే ముందు అడగండి: క్యాప్ బిగించిన రోజే ఎక్స్‌రే తీసి, లోతు కొలిచి, ఆ రెండూ మా చేతికి ఇస్తారా? ఈ ఒక్క ప్రశ్నకు నీళ్లు నమిలే చోట నుంచి లేచి వచ్చేయండి. ఆ మొదటి ఎక్స్‌రే లేకపోతే తర్వాత ఎముక ఎంత తగ్గిందో పోల్చడానికి ఏమీ ఉండదు. అప్పుడు 6 మి.మీ. లోతు, 3 మి.మీ. ఎముక నష్టం కనిపిస్తే తప్ప జబ్బు అని నిర్ధారించలేని పరిస్థితి వస్తుంది. అంటే అప్పటికే ఆలస్యం. వీలైతే సిమెంట్‌తో అంటించేది కాకుండా స్క్రూతో బిగించే క్యాప్ అడగండి. క్లీనింగ్‌కు మామూలు స్టీలు పనిముట్లు కాకుండా టైటానియం పైపొర గీసుకుపోనివి వాడతారా అన్నదీ తెలుసుకోండి. ఇంప్లాంట్ కంపెనీ పేరు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ తప్పక తీసుకోండి. రేపు వేరే డాక్టర్ క్యాప్ విప్పాలంటే ఏ పనిముట్టు సరిపోతుందో దాన్ని బట్టే తెలుస్తుంది. మాకు అది ఇవ్వనందువల్ల చాలా ఇబ్బంది పడ్డాం.

ఇంట్లో రోజూ బ్రష్‌తో పాటు ఇంప్లాంట్ పక్క సందుల్లో తీగకు ప్లాస్టిక్ పూత ఉన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ తిప్పాలి. షుగర్, పాత చిగుళ్ల జబ్బు ఉన్నవారు మూడు, నాలుగు నెలలకోసారైనా చూపించుకోవడం మేలు.

ప్రైవేటులో ఖర్చు భరించలేనివారికి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. అక్కడి చిగుళ్ల విభాగంలో చూపించుకోవచ్చు. ఇలా మోసపోయినవారు ఎక్స్‌రేలు, రసీదులు, గ్యారంటీ కాగితం పారేయకండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. నిర్లక్ష్యం జరిగిందని చూపడానికి మరో దంతవైద్యుడి రాతపూర్వక అభిప్రాయం చాలా ఉపయోగపడుతుంది. రెండో డాక్టర్ దగ్గర కొలతలన్నీ తేదీతో, సంతకంతో రాయించుకోండి.