మిల్లర్స్ రన్: ఇద్దరి సర్ఫ్ స్కీ, ఒకే సముద్రం, ఇంకా తిరిగి రాని 550 ర్యాండ్లు

కేప్‌టౌన్ వెళ్లి డబుల్ సర్ఫ్ స్కీ వేయాలని అనుకునేవాళ్లు పడవ ఏ కంపెనీది, తెడ్డు కార్బన్‌దా అని తర్వాత చూసుకోండి. మిమ్మల్ని నీళ్లలోకి పంపే మనిషి ఎవరో ముందు చూసుకోండి. మేం ఒకే దారిలో, ఇంచుమించు ఒకే గాలిలో, రెండు వేర్వేరు సంస్థలతో వెళ్లాం. మొదటివాళ్లు మా బావమరిదిని లైట్‌హౌస్ దగ్గర నీళ్లలో వదిలేసి ముందుకెళ్లిపోయారు, ఆపైన డిపాజిట్‌లో కోత పెట్టారు. రెండోవాళ్లు ఒక రోజు గాలి బాగాలేదని మమ్మల్ని పంపకుండా ఆ రోజు డబ్బు వెనక్కిచ్చారు. ఇద్దరి పేర్లూ రాయను గానీ ఏం అడగాలో, ఏం చూడాలో మాత్రం వివరంగా రాస్తాను.

సర్ఫ్ స్కీ తెలియనివాళ్లకి: చూడ్డానికి కయాక్ అనే తెడ్డు పడవ లాగానే ఉంటుంది, కానీ లోపలికి దూరి కాదు, పైన గుంటలా ఉన్న సీట్లో కూర్చుంటాం. బోల్తా పడితే మళ్లీ పైకెక్కి కూర్చుని సాగిపోవచ్చు, నీళ్లు తోడే పని లేదు. పాదాల దగ్గర ఉండే బెయిలర్ అనే చిన్న రంధ్రం, పడవ వేగం మీద ఉన్నప్పుడు నీళ్లని కిందికి లాగేస్తుంది. ఇద్దరి పడవ దాదాపు ఎనిమిది మీటర్ల పొడవు, వెడల్పు మాత్రం అర మీటరు అటూ ఇటూ. అంత సన్నగా ఉంటుంది కాబట్టే పరుగెత్తుతుంది, కాబట్టే ఒరుగుతుంది కూడా.

మిల్లర్స్ రన్ అంటే ఫాల్స్ బే అనే అఖాతం పడమటి ఒడ్డున మిల్లర్స్ పాయింట్ దగ్గర దిగి, సైమన్స్ టౌన్ ముందునుంచి, రోమన్ రాక్ లైట్‌హౌస్ మీదుగా ఫిష్ హోక్ బీచ్ దాకా సుమారు పదకొండు పన్నెండు కిలోమీటర్లు. వేసవిలో, అంటే మనకి చలికాలంలో, అక్కడ ఆగ్నేయం గాలి గట్టిగా వీస్తుంది. దాన్ని కేప్ డాక్టర్ అంటారు. ఆ గాలికి లేచే అలలు మనల్ని వెనకనుంచి ఫిష్ హోక్ వైపే తోస్తాయి. ఆరితేరినవాళ్లు ముప్పావు గంటలోపే చేరిపోతారు. మనలాంటివాళ్లకి గంటన్నర అనుకోండి.

విమానం, కారు, ఎన్ 2 రోడ్డు అన్నీ సాఫీగా జరిగిపోయాయి, అక్కడా ఎడమవైపే డ్రైవింగ్ కాబట్టి ఇబ్బంది లేదు.

బస దగ్గర మొదటి దెబ్బ తగిలింది. సైమన్స్ టౌన్‌లో "సముద్రం కనిపించే గది" అని రాత్రికి 1,350 ర్యాండ్లు తీసుకున్నారు. సముద్రం కనిపించేది బాత్రూమ్ కిటికీలోంచి, అదీ మునివేళ్ల మీద నిలబడితే. దానికి నేను పెద్దగా బాధపడను, మేం వెళ్లింది సముద్రం మీదికి, చూడ్డానికి కాదు. కానీ తడి బట్టలు, లైఫ్ జాకెట్లు కడుక్కోవడానికి బయట కుళాయి ఉందని మెయిల్‌లో ఒప్పుకున్న ఆయన తీరా వెళ్లాక "తోటలో వాడకూడదు" అన్నాడు. షవర్ కింద కడిగితే ఇసుక పడిందని శుభ్రం చేయడానికి 200 ర్యాండ్లు బిల్లులో వేశాడు. రాత్రంతా గాలికి రేకు ఒకటి టపటపా కొట్టుకుంటూనే ఉంది, చెబితే "ఇక్కడ గాలి అంతే" అని తలుపేసుకున్నాడు. మా ఆవిడ అసలే వాళ్ల తమ్ముడిని సముద్రంలోకి తీసుకెళ్తున్నానని టెన్షన్‌లో ఉంది, ఆ చప్పుడుకి నిద్ర కూడా పోలేదు.

ఇక మొదటి సంస్థ. ఇద్దరికీ కలిపి 1,800 ర్యాండ్లు, డిపాజిట్ 2,500. గైడ్ తోడుగా వస్తాడన్నారు, వచ్చాడు కూడా, ఒంటి పడవలో. మేం డబుల్ ఎప్పుడైనా వేశామా, బోల్తా పడితే ఎలా ఎక్కుతాం అని ఒక్క ప్రశ్న అడగలేదు. మాకు ప్రశాంతమైన నీళ్లలో అలవాటు ఉంది, గాలి నీళ్లలో లేదు, ఆ మాట నేనే చెప్పాను. "పర్లేదు, డబుల్ స్థిరంగా ఉంటుంది" అన్నాడు. ఇది సగమే నిజం. బరువు ఎక్కువ కాబట్టి ఒక్కసారి పరుగందుకుంటే డబుల్ అంత తొందరగా వేగం కోల్పోదు, నిజమే. కానీ పొడవు కూడా ఎక్కువ. ఫాల్స్ బేలో లాగా అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా ఉన్నప్పుడు తోక ఒక అల మీద, ముక్కు ముందు అల వీపులో ఉంటుంది. ముక్కు గుచ్చుకుపోయిందంటే నీళ్లన్నీ ముందువాడి ఒళ్లోకే. పక్కకి తిప్పాలన్నా తొందరగా తిరగదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరి నడుములూ ఒకే వైపు ఒకేసారి కదలాలి. ముందు కూర్చున్న నేను ఎడమకి బరువు వేస్తుంటే వెనకవాడు భయపడి కుడికి వేశాడా, ఇద్దరం నీళ్లలోనే.

లైట్‌హౌస్ దాటాక అదే జరిగింది. రోమన్ రాక్ 1861లో కట్టినది, దక్షిణాఫ్రికాలో సముద్రం మధ్య రాతి మీద ఉన్న లైట్‌హౌస్ అదొక్కటే. దాన్ని దగ్గరగా చూడాలని ఎంత ఆశపడ్డామో! కానీ చూసింది తక్కువ, నీళ్లు తాగింది ఎక్కువ. వెనక సీటు బెయిలర్ మూసుకుపోయి ఉంది, మా బావమరిది కాళ్ల దగ్గర నీళ్లు అలాగే నిలిచిపోయి తోక బరువెక్కింది. బోల్తా పడ్డాం. నా లీష్, అంటే మనిషిని పడవకి కట్టి ఉంచే తాడు, కాలికే ఉంది కాబట్టి పడవ నాతో ఉంది. వాడి లీష్ వెల్క్రో అరిగిపోయి, పడీపడగానే ఊడిపోయింది. పైకి తేలి చూస్తే వాడు అల అవతల ఉన్నాడు, గాలి నన్నూ పడవనీ కలిపి ఇటు ఈడుస్తోంది. సర్ఫ్ స్కీ గురించి ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి: ఖాళీ పడవని గాలి తీసుకుపోయే వేగానికి ఈదే మనిషి అందుకోలేడు. నేను నీళ్లలోనే ఉండి పడవకి లంగరులా వేలాడాను కాబట్టి వాడు ఈదుకుంటూ వచ్చి చేరాడు. "బావా, లీష్ ఊడిపోయింది, లీష్ ఊడిపోయింది" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. నీళ్లు పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఉంటాయేమో, భయానికో చలికో పళ్లు టకటకలాడుతున్నాయి. గైడ్ మాకు చాలా ముందు ఉన్నాడు, ఈల ఊదితే ఆ గాలికి వినపడలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎక్కడం, పడడం, మళ్లీ ఎక్కడం. ఫిష్ హోక్ ఇసుక తగిలేసరికి వాడు నాతోనే కాదు, వాళ్ల అక్కతో కూడా మాట్లాడలేదు.

మాట్లాడలేని స్థితిలో మేముంటే, అక్కడ బీచ్ మీద గైడ్ పడవని బోర్లించి చుక్కాని అంచు విరిగిందని చూపించాడు. మేం నడుము లోతులోనే దిగి పడవని ఎత్తుకుని వచ్చాం, దానికి ఇసుక తగల్లేదు. అయినా 1,450 ర్యాండ్లు కోత! మా ఆవిడ మిల్లర్స్ పాయింట్‌లో పడవ దించుతున్నప్పుడు వీడియో తీసింది, అందులో ఆ విరుపు స్పష్టంగా కనిపిస్తోంది. అది చూపించాక 900 వెనక్కిచ్చారు. మిగతా 550 ఆఫీసు ఖర్చులట. ఏ ఆఫీసు, ఏ ఖర్చు? అరిగిన లీష్ గురించి అడిగితే "అప్పుడప్పుడు అలా జరుగుతుంది" అన్నారు. మెయిళ్లు పెడుతూనే ఉన్నాను. డబ్బు తక్కువే, కానీ ఒక మనిషి ప్రాణం వెల్క్రో ముక్క మీద పెట్టి, దాని గురించి ఒక్క క్షమాపణ కూడా లేకుండా చుక్కాని గురించి వాదించారు చూడండి, అది మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

ఆ సాయంత్రం ఎవరికీ ఆకలి లేదు. అయినా కాల్క్ బే వైపు వెళ్తుంటే అక్కడి కేప్ మలయ్ జనం వంట చేసే చిన్న దుకాణం కనిపించింది. పసుపు, మసాలా, ఉల్లిపాయలు, వెనిగర్‌లో ఊరిన చేప ముక్కలు, చల్లగానే పెడతారు, ప్లేటు 130 ర్యాండ్లు. మా ఇంట్లో రాత్రి వండి పొద్దున తినే చేపల పులుసే గుర్తొచ్చింది. రెండో ప్లేటు అడిగినప్పుడు మా బావమరిది మొదటిసారి నోరు విప్పాడు. "మళ్లీ వెళ్దాం, కానీ వీళ్లతో కాదు" అన్నాడు. వాళ్ల అక్క చెంచా కింద పెట్టి నా వైపు చూసింది. నేనేం మాట్లాడలేదు.

రెండో సంస్థ నడిపేది ఒక పెద్దావిడ. మనిషికి 950 ర్యాండ్లు, కారులో మిల్లర్స్ పాయింట్‌కి దించడం కూడా అందులోనే. డబ్బు తీసుకునే ముందే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఎప్పుడు చివరిసారి పడ్డారు, ఎలా ఎక్కారు?" చెప్పాం. తెల్లవారుజామున గాలి లేవకముందు ఫిష్ హోక్‌లో కావాలనే మమ్మల్ని పడేయించింది, ఎన్నిసార్లో చెప్పలేను. ఎక్కే పద్ధతి ఇది: ఒకడు అవతలివైపు నీళ్లలో ఉండి పడవని పట్టుకుంటాడు, రెండోవాడు ఇవతలనుంచి పొట్ట మీద ఎక్కి సీట్లోకి తిరుగుతాడు. ఎక్కినవాడు కాళ్లు రెండూ చెరోవైపు నీళ్లలోకి వేలాడేస్తే పడవ నిలబడుతుంది, అప్పుడు మిగిలినవాడు ఎక్కాలి. మేం అంతకుముందు ఇద్దరం ఒకేసారి ఎక్కడానికి పెనుగులాడాం, మాకెవరూ చెప్పలేదు మరి. లీష్‌లు రెండూ తన చేత్తో లాగి చూసింది, బెయిలర్లు తెరిచి చూపించింది, దేశమంతటా సముద్రంలో జనాన్ని కాపాడే స్వచ్ఛంద సంస్థ ఎన్‌ఎస్‌ఆర్‌ఐ వాళ్ల సేఫ్‌ట్రెక్స్ యాప్ మా ఫోన్‌లో పెట్టించింది. అది ఉచితం. మనం ఎక్కడున్నామో ఒడ్డునున్నవాళ్లకి తెలుస్తుంది, అనుకున్న సమయానికి చేరకపోతే వాళ్లకి కబురు వెళ్తుంది. మా ఆవిడకి ఊపిరి ఆడింది ఆ యాప్ వల్లే.

తీరా బయల్దేరాల్సిన రోజు గాలి వాయవ్యం నుంచి మొదలైంది. నీళ్లు ఒడ్డు దగ్గర అద్దంలా ఉన్నాయి, మాకు భలే అనిపించింది. ఆవిడ వద్దంది. పడమటి గాలి అక్కడ ఒడ్డునుంచి బయటికి వీస్తుంది, ఒడ్డున అలలుండవు, లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతాయి, పడితే గాలి మనల్ని బే మధ్యలోకి తోసేస్తుంది. ఆ రోజు సొమ్ము అడక్కుండానే వెనక్కి వేసింది.

తర్వాత ఆగ్నేయం గాలి తిరిగొచ్చింది, వెళ్లాం. ఆవిడ మా వెనకే, ఎప్పుడూ మమ్మల్ని చూస్తూనే. ముక్కు కిందికి వాలడం మొదలైనప్పుడే గట్టిగా నాలుగు తెడ్లు, అల మీదికెక్కాక తెడ్డు నీళ్లకి ఆనించి విశ్రాంతి, ముక్కు పైకి లేచి ఉంటే బలం వృథా చేయొద్దు. ముందున్నది నేను, చుక్కాని నాది కాబట్టి "లాగు" అంటే వాడు లాగాలి, "ఆగు" అంటే ఆగాలి. ఒక అల మీదనుంచి పక్క అల గుంటలోకి, అక్కడనుంచి ఇంకోదాని మీదికి, సైమన్స్ టౌన్ ఎడమపక్కన అలా జారిపోతూ ఉంటే వెనకనుంచి వాడి కేకలు! పడ్డాం కూడా, నిమిషంలోపు ఎక్కేశాం. రోమన్ రాక్‌ని ఈసారి తీరిగ్గా చూశాం.

వెళ్లేవాళ్లకి నా మాట: ఫిష్ హోక్‌లోనే ఉండండి, చివర తేలేది అక్కడే. మేం మారిన గది రాత్రికి 980, సముద్రం కనపడదు, కానీ పెరట్లో గొట్టం, బట్టలారేసే తీగ ఉన్నాయి, ఇంకేం కావాలి. బీచ్‌లో సొరచేపల కోసం కాపలా కాసే షార్క్ స్పాటర్ల జెండా చూసే దిగండి, తెల్ల జెండా మీద నల్ల సొరచేప బొమ్మ ఎగిరితే నీళ్లలోకి వెళ్లకూడదు. డిపాజిట్ కట్టే ముందు పడవ అడుగు, చుక్కాని, లీష్ వెల్క్రో వీడియో తీయండి, వాళ్ల మనిషి కూడా అందులో కనపడేలా తీయండి. గైడ్ మీ ముందు ఉంటాడా వెనక ఉంటాడా అని అడగండి. ముందు అంటే వేరేవాళ్లని వెతుక్కోండి.